నిప్పు పుట్టని దినములకు పన్ను
అమెరికా పల్లెల అగ్నిరక్షణ మండలములు, వాటి పరిపాలన, ఆదాయము

నూర్పిళ్లు ముగిసి గడ్డివాములు కళ్లముల ప్రక్కన నిలిచి, ఎండలు ముదురు కాలమున ప్రతి సంవత్సరము ఏదో యొక గ్రామమునుండి వాము తగులబడినదను వార్త వచ్చుచునే యుండును. వాముతో పోవునది గడ్డి మాత్రమే కాదు. పశువుల యేడాది మేత పోవును. మేత లేక పశువులను అయినకాడికి అమ్ముకొనవలసి వచ్చును. ప్రక్కనున్న కొట్టము, అందులోని యెరువు బస్తాలు, ఒక్కొక్కప్పుడు కట్టువీడని పాడిగేదె కూడ పోవును. స్టేషను ఇరువది ముప్పది కిలోమీటర్ల దూరమున నున్నచో ఫైరింజను సిబ్బంది యెంత సమర్థులైనను వారికి మిగులునది బూడిదను తడుపుటయే. ఇందు వారి లోపమేమియు లేదు.

అట్టి దినమున రచ్చబండ వద్ద అందరి నోటను వినబడు మాట యొక్కటే: దగ్గరలో ఒక ఇంజను ఉండవలెను. ఉండవలె ననుటలో భేదాభిప్రాయము లేదు. దాని నెవరు కొనవలెను? నడుపువానికి జీత మెవరీయవలెను? నిప్పు పుట్టని పదకొండు నెలలు దాని నెవరు పోషించవలెను? ఖర్చు లెక్క అడుగుటకు అధికార మెవరిది? అనునప్పటికి మాట ఆగిపోవును. ఈ ప్రశ్నలకు అమెరికా దేశపు పల్లెవాసులు చిరకాలముగా ఒక సమాధానము చెప్పుకొనుచున్నారు. వారు తమ గ్రామములకు, పొలములకు ఎల్లలు గీచుకొని, అగ్నిరక్షణ మండలమను ఒక చిన్న స్వపరిపాలన సంస్థను స్థాపించుకొందురు. అక్కడి వాడుకలో దానిపేరు ఫైర్ డిస్ట్రిక్టు. డిస్ట్రిక్టు అనగానే మన జిల్లా యంతటిదని తలపరాదు. కొన్ని పల్లెలు చేరిన మాత్రపు చిన్న ప్రదేశము కూడ ఒక డిస్ట్రిక్టు కావచ్చును. ఆ యేర్పాటు దోషరహితమని నేను చెప్పను. కాని సహకార సంఘపు జమాఖర్చులు చదువ నేర్చిన సభ్యులకు దానిలోని మర్మము సులభముగా బోధపడును; ఏలయన దాని మూలము మన సంఘము వంటిదే.

1736 సంవత్సరమున ఫిలడెల్ఫియా పట్టణములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలగువారు యూనియన్ ఫైర్ కంపెనీ యను సంఘమును స్థాపించిరి. కంపెనీ యనియున్నను అది వ్యాపారము కాదు. ప్రతి సభ్యుడును కొన్ని తోలుబక్కెట్లను, సామాను బయటికి చేరవేయుటకు గట్టి సంచులను, బుట్టలను తన యింట సిద్ధముగా నుంచుకొనవలెను. నెల కొకసారి కూటమునకు రావలెను. రానివాడు జుల్మానా కట్టవలెను. ఆ జుల్మానాల సొమ్ముతోనే ఇంజనులు, నిచ్చెనలు, కొక్కెములు కొనిరి. 1752లో అదే పట్టణమున, అదే ఫ్రాంక్లిన్ చేయూతతో, ఇండ్లు కాలినవారి నష్టమును సభ్యులందరును పంచుకొను పరస్పర బీమా సంఘమొకటి వెలసెను. అది నేటికిని నడుచుచున్నది. ఈ రెండింటిని చూచినచో సహకార సూత్ర మెంత పాతదో తెలియగలదు.

అయితే చందాల మీద నడచు అగ్నిరక్షణకు ఒక పుట్టులోపము కలదు. దానిని వివరించుటకు అంత పాతకాలమునకు పోనక్కరలేదు. టెన్నెసీ రాష్ట్రములో ఓబియన్ కౌంటీ యను గ్రామీణ ప్రాంతము కలదు. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. 2010 నాటికి ఆ కౌంటీకి సొంత అగ్నిమాపక దళము లేదు. సమీపమున సౌత్ ఫుల్టన్ అను చిన్న పట్టణపు దళము, సంవత్సరమునకు 75 డాలర్లు చందా కట్టిన బయటి గ్రామవాసుల యిండ్లకు మాత్రము వచ్చుచుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో చందా చెల్లింపని యొక గృహస్థుని యిల్లు అంటుకొనెను. అతడు ఫోనులోనే ఎంతయైనను ఇచ్చెదనని ప్రాధేయపడినను దళము కదలలేదు. మంట చందాదారుడైన పొరుగువాని పొలమునకు ప్రాకినప్పుడు మాత్రము వచ్చి, ఆ పొలమును కాపాడి, ఈ యిల్లు కాలుచుండగా చూచుచు నిలిచిరి. ఇంటిలోని పెంపుడు జంతువులు కూడ కాలిపోయెను. మరుసటి సంవత్సరము మరియొక యిల్లు అట్లే పోయెను. దేశమంతటను నిందలు చెలరేగెను. 2012లో ఆ పట్టణము తన నియమమును మార్చుకొని, చందా కట్టనివారి యిండ్లకు కూడ పోవుటకును, పిదప వారినుండి పెద్ద మొత్తము వసూలు చేయుటకును నిశ్చయించెను.

ఆ దళమువారు క్రూరులని తీర్పు చెప్పుట సులభము. కాని ఎత్తిపోతల సంఘమును నడపినవారు ఒక్క క్షణమాగి ఆలోచింతురు. తీరువా కట్టనివాని మడికి కూడ నీరు పారించినచో వచ్చే సంవత్సరము తీరువా కట్టువా డెవడు? ఇల్లు కాలునపుడే చందా కట్టవచ్చునన్నచో ముందుగా కట్టువా డుండడు; ముందుగా కట్టువారు లేనిచో ఇంజనే యుండదు. మరి నీటికి, నిప్పుకు భేద మొకటి కలదు. నీటిని మడి గట్టు వద్ద ఆపవచ్చును. నిప్పు మాత్రము చందా పుస్తకము చూచి ఆగదు. కట్టనివాని వామునుండి లేచిన నిప్పురవ్వ కట్టినవాని కప్పు మీదనే పడును. కనుక చందాను వ్యక్తి యిష్టమునకు విడువక భూమికి, ఇంటికి ముడివేయవలెనను నిర్ణయమునకు అక్కడి అనేక ప్రాంతములవారు వచ్చిరి. అగ్నిరక్షణ మండలము పుట్టినది ఈ నిర్ణయమునుండియే.

ఈ మండలముల చట్టములు రాష్ట్ర రాష్ట్రమునకు వేరు. అన్నింటిని చెప్పబూనినచో పత్రిక చాలదు గనుక పసిఫిక్ తీరమున నున్న వాషింగ్టన్ రాష్ట్రమును మాత్రము తీసికొందును. గోధుమకును, ఆపిలు తోటలకును పేరుపడిన రాష్ట్రమది. అందలి సియాటిల్ నగర పరిసరములలో మన జిల్లాల బిడ్డలు అనేకులు ఉద్యోగములు చేయుచు, ఇండ్లు కొనుక్కొని కాపురముండుట చదువరులలో పెక్కురకు తెలిసినదే. అట్టివారి యిల్లు ఏదైన అగ్నిరక్షణ మండలములో నున్నచో, వారి యేటి యింటిపన్నులో కొంత భాగము ఆ మండలమునకు చేరుచుండును.

ఆ రాష్ట్రములో ఈ మండలముల చట్టము 1939లో వచ్చెను. పట్టణముల యెల్లలకు వెలుపలనున్న ప్రజలు మండలము కావలెనని కోరినచో, ఓటర్లు కొందరు సంతకములు చేసి కౌంటీవారికి అర్జీ పెట్టుకొందురు. ఎల్లల నెక్కడ గీయవలెనో బహిరంగ విచారణ జరుగును. పిమ్మట ఆ యెల్లలలోని ఓటర్ల యభిప్రాయము తీసికొందురు. పోలైన ఓట్లలో అయిదింట మూడు వంతులు అనుకూలముగా నున్నగాని మండలము పుట్టదు. పుట్టిన తరువాత అది కౌంటీకి శాఖ కాదు. తన పేర ఆస్తి కొనగలదు, ఒప్పందములు చేసికొనగలదు, వ్యాజ్యము వేయగలదు, పన్ను విధింపగలదు. తరచుగా దానికి కౌంటీ పేరును, ఒక సంఖ్యయునే నామధేయము.

పరిపాలన చేయువారు కమిషనర్లు. సాధారణముగా ముగ్గురు; పెద్ద మండలములందు అయిదుగురో ఏడుగురో కూడ ఉండవచ్చును. వారిని ఓటర్లే ఎన్నుకొందురు. పదవీకాలము ఆరు సంవత్సరములు. ముగ్గురును ఒక్కమారే దిగిపోక, రెండేండ్ల కొకరు చొప్పున ఎన్నిక జరుగును గనుక పాతలెక్కలు తెలిసినవారు ఎల్లప్పుడు ఇద్దరైనను బోర్డులో మిగిలియుందురు. మన సంఘములలో పాలకవర్గమంతయు ఒక్క దినమున మారి, క్రొత్తవారు బీరువా తాళముల కొరకు వెదకుకొను దుస్థితి నెరిగినవారు దీని విలువను గ్రహింతురు. ఎన్నికలో పార్టీల పేర్లుండవు. కమిషనర్లకు నెలజీతము లేదు. సమావేశములకును, మండలపు పనులకును వెచ్చించిన దినములకు మాత్రము చట్టము నిర్ణయించిన భత్యము, దానికిని ఏటికొక పరిమితి యుండును.

బోర్డు చేయు పని నిప్పార్పుట కాదు. ఫైర్ చీఫ్ అను ప్రధానాధికారిని నియమించుట, బడ్జెటును ఆమోదించుట, పన్ను నిర్ణయించుట, ఇంజను ఎప్పుడు కొనవలెనో, స్టేషను ఎక్కడ కట్టవలెనో తేల్చుట, ఇవి వారి విధులు. మంట వద్ద ఆజ్ఞ చీఫుది. ఖజానా వద్ద ఆజ్ఞ బోర్డుది. సమావేశములు బహిరంగముగా జరుగవలెనని 1971 నాటి చట్టము శాసించుచున్నది. ఎవరైనను పోయి వినవచ్చును, తీర్మానముల నకలు అడుగవచ్చును.

సొమ్ము నడక కూడ చూడదగినది. ఆస్తుల విలువ కట్టువాడు కౌంటీ అధికారి. పన్ను వసూలు చేసి మండలపు పద్దులో జమ కట్టువాడు కౌంటీ ఖజానాదారు. సగము ఏప్రిలు చివరకును, తక్కిన సగము అక్టోబరు చివరకును చెల్లింపవలెను. లెక్కల తనిఖీ చేయువాడు రాష్ట్రపు ఆడిటరు. అనగా ఖర్చుపెట్టువారి చేతికి పన్ను రొక్కము నేరుగా రాదు. చిన్న సంస్థలలో సొమ్ము కరగిపోవుటకు సామాన్యమైన దారి ఒకరే వసూలు చేసి, ఒకరే దాచి, ఒకరే లెక్క వ్రాయుట. ఆ దారిని వారు చాలవరకు మూసివేసిరి.

ఇక పన్ను. మండలము సామాన్యముగా ఆస్తి విలువలో ప్రతి వేయి డాలర్లకు ఒక డాలరు 50 సెంట్లు మించకుండ పన్ను వేయవచ్చును. ఒక చిన్న మండలములోని ఇండ్లు, భూములు, కొట్టములు అన్నియు కలిపి 40 కోట్ల డాలర్ల విలువ యనుకొందము. పూర్తి రేటున పన్ను 6 లక్షల డాలర్లు. 4 లక్షల విలువగల యింటివాడు 600 డాలర్లు కట్టును. ఇంతవరకు సులభమే. ఆ మీదట వచ్చు నియమమును అక్కడివారే తరచు అపార్థము చేసికొందురని చదివితిని. ఓటర్ల యనుమతి లేనిదే మండలము తన మొత్తము పన్ను రాబడిని ఏటికి నూటికి ఒకటి కంటె పెంచరాదు. క్రొత్తగా కట్టిన ఇండ్ల వలన వచ్చునది మాత్రము దీనికి అదనము. ఆస్తుల ధర యెంత పెరిగినను ఈ హద్దు పెరుగదు. పై మండలములో ధరలు ఒక్క యేట రెట్టింపై 80 కోట్లయినవని అనుకొన్నను, పన్ను మొత్తము 6 లక్షల 6 వేలకు మించరాదు. అప్పుడు రేటే వేయికి 76 సెంట్లకు దిగిపోవును. 8 లక్షల విలువైన ఆ యింటివాడు కట్టునది 1,200 కాదు, 606 డాలర్లు.

ఈ హద్దును 2001లో ప్రజలు ఓటు ద్వారా తెచ్చిరి. 2007లో న్యాయస్థానము దానిని కొట్టివేయగా, ఆ యేడే శాసనసభ మరల నిలిపెను. పన్నుదారునికి ఇది అభయమే. మండలమునకు మాత్రము నెమ్మదిగా బిగియు ఉచ్చు. రాబడి ఏటికి నూటికి ఒకటి, ఖర్చులు నూటికి మూడు చొప్పున పెరిగినచో, పదేండ్లకు ఆ 6 లక్షలు 6 లక్షల 63 వేలగును. కావలసినది 8 లక్షల 6 వేలు. ఈ లోటును పూడ్చుటకు బోర్డు ప్రజల వద్దకు పోయి, హద్దును ఎత్తివేయుడని ఓటు కోరవలెను. సగమునకు మించి అనుకూల మైనచో పాత పరిమితిలోపల రేటును పెంచుకొనవచ్చును. ఓడిపోయినచో స్టేషనులో మనుష్యులను తగ్గించుకొనుటయే గతి. దీనికి ఎదురుదెబ్బ కూడ కలదు: రేటు పూర్తి హద్దున నున్నప్పుడు ఆస్తుల ధరలు పడినచో రాబడి కూడ పడును. 2008 ఆర్థిక సంక్షోభము తరువాత అనేక మండలములు ఈ బాధ పడినవి.

అత్యవసర వైద్య సహాయమునకు వేయికి 50 సెంట్లు మించకుండ వేరే పన్నును ప్రజలు ఓటు ద్వారా ఒప్పుకొనవచ్చును. స్టేషను కట్టుటకో, ఇంజనుల కొరకో పెద్ద ఋణపత్రములు తీసి, వాటిని తీర్చుటకు అదనపు పన్ను వేయవలెనన్నచో నూటికి అరువది ఓట్లు కావలెను. అదియు తగినంతమంది ఓటింగునకు వచ్చినప్పుడే చెల్లును. ఒక క్రొత్త ఇంజను వెల నేడు పది లక్షల డాలర్లను సమీపించుచున్నది. మన యూహా మండలమునకు అది ఏడాదిన్నర పన్నుకు మించిన మొత్తము. కావున తెలివిగల బోర్డు ఇంజను కొన్న యేటి నుండియే తరుగుదల నిధి తీయుచుండును. తీయని బోర్డు ఇరువదియేండ్ల పిదప పాతబండితో ఓటర్ల గుమ్మము నెక్కును.

రైతులకు ముఖ్యముగా తెలియదగిన పద్ధతి మరియొకటి కలదు. ఆస్తి విలువను బట్టి పన్ను వేయుట అగ్నిరక్షణ విషయమున న్యాయము కాదని కొందరి వాదము. నదీతీరమునందలి చిన్న కుటీరమునకు విలువ హెచ్చు, నిప్పార్పుటకు శ్రమ స్వల్పము. పెద్ద గిడ్డంగికి విలువ తక్కువైనను అది మండినచో పది ఇంజనులు రావలెను. కాబట్టి కట్టడము యొక్క వైశాల్యమును, వాడుకను, దానిని ఆర్పుటకు కావలసిన సాధనములను బట్టి రుసుము విధించు అధికారమును ఆ రాష్ట్రపు చట్టము ఇచ్చినది. మొదటిసారి విధించుటకు నూటికి అరువది ఓట్లు కావలెను; ఆ మొదటిసారి ఆరేండ్లకు మించి వేయరాదు; నిర్వహణ ఖర్చులో నూటికి అరువది వంతులకంటె దీని మూలమున రాబట్టరాదు; దీనిని ఎన్నుకొన్న మండలము ఆస్తిపన్ను రేటులో మూడవ వంతును వదలుకొనవలెను. వ్యవసాయమునకు వాడు చరాస్తి, పైరు, పనిముట్లు, పశువులు ఈ రుసుము లెక్కకు రావు. పైరునకు మినహాయింపు ఇచ్చుట మంచిదని నాకు తోచుచున్నది. కాని కోతకు వచ్చిన గోధుమచేలకంటె త్వరగా అంటుకొనునది మరియొకటి లేదని కూడ మరువరాదు. ఆ భారమును ఇండ్లవారు మోయుచున్నారన్నమాట.

న్యాయాన్యాయముల ప్రసక్తి వచ్చినది గనుక ఇంకొక మాట. ఓటు హక్కు మండలములో నివసించు పౌరులదే. పొలము ఇచ్చట, కాపురము వేరొకచోట నున్న రైతు పన్ను కట్టును గాని ఓటు లేదు. మన బిడ్డలలో ఉద్యోగపు అనుమతి మీద అక్కడ ఇల్లు కొన్నవారి గతియు అంతే: పౌరులగు పర్యంతము పన్ను భాగమే గాని మాట భాగము లేదు. సొమ్ము పెట్టిన ప్రతి సభ్యునికి ఒక ఓటను మన సూత్రమునకు ఇది చాలదు.

ఈ పన్ను వలన దొరకున దేమి? దేశమంతటను లెక్కించినచో అక్కడి అగ్నిమాపకులలో సుమారు మూడింట రెండు వంతులు జీతగాండ్రు కారు, స్వచ్ఛంద సేవకులు. గోధుమ రైతు, బడి పంతులు, దుకాణదారు పిలుపు రాగానే పని విడిచి స్టేషనునకు పరుగెత్తుదురు. పల్లె మండలము వీరిపైననే నిలిచియున్నది. పన్ను సొమ్ము వీరి శిక్షణకు, దుస్తులకు, బండ్లకు, ఇంధనమునకు పోవును. వాషింగ్టన్ రాష్ట్రములో 1945 నుండి వీరికి స్వల్పమైన పింఛను ఏర్పాటు కూడ కలదు. అయినను 1984లో దేశమున తొమ్మిది లక్షలకు చేరువగా నుండిన స్వచ్ఛంద సేవకులు 2020 నాటికి ఏడు లక్షల లోపునకు తగ్గిరి. యువకులు పట్టణములకు పోవుట, శిక్షణ గంటలు పెరుగుట ఇందుకు కారణములుగా చెప్పుదురు. పని కూడ మారినది. నేడు వారికి వచ్చు పిలుపులలో నూటికి అరువదికి పైగా వైద్య సహాయమునకు. నిజముగా నిప్పు కొరకు వచ్చునవి నూటికి నాలుగు మాత్రమే. గుండెపోటు, రోడ్డు ప్రమాదము, బావిలో పడిన మనిషి, అన్నిటికి ఆ యింజనే వచ్చును. పేరు అగ్నిరక్షణ మండలమైనను అది చేయునది ఆపద్రక్షణ.

పన్నులో కొంత భాగము బీమా మార్గమున తిరిగివచ్చును. ప్రతి ప్రాంతపు అగ్నిరక్షణకు 1 నుండి 10 వరకు తరగతులు కట్టు సంస్థలున్నవి. 1 ఉత్తమము, 10 అనగా చెప్పదగిన రక్షణయే లేదని యర్థము. స్టేషను ఎంత దూరము, నీరు ఎంత దొరకును, మనుష్యులెందరు అనునవి చూచి తరగతి నిర్ణయింతురు. ఇంటి బీమా సొమ్ము ఆ తరగతిని బట్టి హెచ్చుతగ్గు లగుచుండును. కావున బోర్డు పన్ను పెంపునకు ఓటు కోరునపుడు, తరగతి దిగజారినచో బీమాకు మీరెంత అదనముగా కట్టవలసి వచ్చునో చూచుకొనుడని చెప్పగలదు. కొంతమందికైనను ఇది లెక్కకు వచ్చు మాట.

మండల మున్నంతమాత్రమున గ్రామము కాలదని భ్రమపడరాదు. అదే రాష్ట్రపు తూర్పున గోధుమభూముల నడుమనున్న మాల్డెన్ అను చిన్న ఊరిలో 2020 సెప్టెంబరు 7న పెనుగాలికి ప్రాకిన మంటకు నూటికి ఎనుబది కట్టడములు బూడిద యయ్యెను. అందు అగ్నిమాపక కేంద్రము కూడ ఒకటి. ఇదిగాక ఏ మండలములోను చేరని భూములు తూర్పు ప్రాంతములో ఇంకను ఉన్నవి. అచ్చట పన్నును లేదు, పిలిచినచో రావలసిన బాధ్యత గల దళమును లేదు. పొరుగు మండలములు ఒకరి కొకరు సాయపడు ఒప్పందములు చేసికొందురు గాని, అవి మండలమునకు మండలమునకు మధ్య నుండునవి.

ఇటువంటి భూములకు దక్షిణమున నున్న ఒరెగాన్, తూర్పున నున్న ఐడహో రాష్ట్రములలో వేరొక మార్గము త్రొక్కిరి. పచ్చిక బయళ్ల పశుపోషకులు తమలో తాము లాభాపేక్ష లేని సంఘములుగా నేర్పడి, పాలకవర్గమును ఎన్నుకొని, ప్రభుత్వము నుండి శిక్షణయు, వాడి విడిచిన బండ్లును పొంది, మంట లేచినచోటికి తామే మొదట పోవుదురు. ఒరెగానులో ఇవి 1960 ప్రాంతమునుండియు, ఐడహోలో 2012 నుండియు ఉన్నవి. ట్రాక్టరుతో మంట ముందు నేలను దున్ని అడ్డుగీత గీయుట వారి ముఖ్యమైన ఆయుధము. వ్యవసాయ శాఖలో పనిచేయు నావంటివానికి ఇంజనులకంటె ఈ సంగతియే హెచ్చు నచ్చినది, ఏలయనగా నాగలి మన యొద్ద కూడ నున్నది.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును అగ్నిమాపకదళము రాష్ట్ర ప్రభుత్వపు శాఖ. స్టేషను ఎక్కడ ఉండవలెనో, ఎన్ని బండ్లుండవలెనో నిర్ణయించునది ప్రభుత్వము; ఖర్చు శాసనసభ మంజూరు చేయు బడ్జెటు నుండి వచ్చును. 101 కి ఫోను చేసిన పేదవానిని చందా కట్టితివా యని అడుగువారు లేరు. ఓబియన్ కౌంటీలో జరిగినది ఇచ్చట జరుగదు. ఇది మన యేర్పాటులోని గొప్పగుణము, దీనిని తక్కువగా చూడరాదు. లోప మెక్కడనగా, గ్రామమునకు ఇందులో మాట లేకపోవుట. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 74వ సవరణ పురపాలక సంఘములకు అప్పగింపదగిన పదునెనిమిది విషయములను పన్నెండవ షెడ్యూలులో చేర్చెను. అందు ఏడవది అగ్నిమాపక సేవ. అదే కాలమున 73వ సవరణ పంచాయతీలకు ఇరువదితొమ్మిది విషయములను పదకొండవ షెడ్యూలులో చేర్చెను; అందులో వ్యవసాయమున్నది, చిన్ననీటి పారుదల యున్నది, చేపల పెంపక మున్నది, అగ్నిమాపక సేవ మాత్రము లేదు. గడ్డివాములు, తాటాకు పాకలు పట్టణములలో నున్నవని తలచిరి కాబోలు!

పదునైదవ ఆర్థిక సంఘము అగ్నిమాపక సేవల విస్తరణకును, నవీకరణకును రాష్ట్రములకు 5,000 కోట్ల రూపాయలు కేటాయింపవలెనని సూచింపగా, కేంద్రప్రభుత్వము 2023లో ఆ పథకమును ప్రారంభించెను. దానివలన స్టేషనులు కొన్ని పెరుగవచ్చును. ఐనను ప్రతి గ్రామమునకు పది నిమిషములలో ఇంజను చేరు దినము దగ్గరలో నున్నదని నేననుకొనను.

కొందరు సభ్యులు మనము కూడ పన్ను వేసికొని ఇంజను కొనుక్కొందమని ఉత్సాహపడవచ్చును. మన గ్రామపు ఇంటిపన్ను రాబడి యెంతయో పంచాయతీ పుస్తకము చూచినచో ఆ యుత్సాహము చల్లారును. కాని ఇంజనుకు, వట్టిచేతులకు నడుమ చాల దూరమున్నది. గ్రామములో ట్రాక్టరుకు తగిలించు నీటి ట్యాంకరు తరచుగా ఉండనే యున్నది. దానికి ఒక పెట్రోలు పంపు, తగినంత గొట్టము, చివర ఒక నాజిలు చేర్చినచో, అసలు ఇంజను వచ్చువరకు వామునుండి కొట్టమునకు నిప్పు ప్రాకకుండ ఆపవచ్చును. పంపును వారమున కొకసారి త్రిప్పి చూచుటకు ఒక మనిషి, ఎండకాలమున ట్యాంకరు నిండియుండవలెనను ఒక నియమము, రాత్రి ఎవరిని లేపవలెనో తెలుపు ఒక పేర్లపట్టిక కావలెను. వస్తువులకంటె ఈ మూడే కష్టము.

దీని ఖర్చును సంఘ సభ్యుల చందామీద పెట్టవలదని నా యభిప్రాయము. పెట్టినచో ఏదో యొక రాత్రి సభ్యుడు కానివాని వాము మండును. పంపును తీయవలెనా, మానవలెనా యను ప్రశ్న కాపలావాని ముందు నిలుచును. పంచాయతీ సాధారణ నిధినుండి ఖర్చు భరించుట, సంఘము తన గిడ్డంగిలో పంపునకు చోటిచ్చి ఉపనిబంధనలు ఒప్పుకొన్నంతవరకు మరమ్మతులు చూచుట మేలు. రాబోవు గ్రామసభకు ముందుగానే పంపు, గొట్టము ధరల చీటీని, గ్రామములోని వాముల, పాకల లెక్కను, సమీప స్టేషను ఎన్ని కిలోమీటర్లో, ఇంజను ఏ బాట వెంట లోనికి రాగలదో చూపు చిత్రపటమును పాలకవర్గమువారు సిద్ధము చేసికొన్నచో తీర్మానము పెట్టుటకు వీలగును. ఆ పటము ప్రతి యొకటి స్టేషను అధికారికి కూడ అందజేయవలెను. పంట కాలువ వంతెన బరువైన బండిని మోయునో లేదో అతనికి ముందు తెలియుట అవసరము.